తప్పు కాదన్నంత మాత్రాన

ఆ ఇంట్లో భోజనాల బల్ల ఉందో లేదో తేల్చడానికి మామగారూ కోడలూ కలిసి తొమ్మిదేళ్లు కూర్చున్నారు. నవ్వొస్తే నవ్వండి, తప్పేం లేదు. అత్తగారు మీకంటే ముందే కడుపుబ్బ నవ్వింది. "బల్ల ఉందని చెప్పడానికి ఇంత చదువు కావాలా? రోజూ తుడిచేదాన్ని నేనున్నాను, నన్నడగండి" అని ఇంటికొచ్చిన ప్రతివాళ్లకీ చెప్పేది. కొడుకుది కళ్లద్దాల కొట్టు. "ఎవరూ చూడకపోయినా అన్నీ ఉంటాయని మీరు రుజువు చేశారంటే నా కొట్టు మూసుకోవాల్సిందే" అనేవాడు. వాళ్లకంతా వేళాకోళం. ఆ ఇద్దరికి మాత్రం అదే లోకం.

అసలు గొడవేమిటంటే, కోడలు చదివింది క్వాంటం సిద్ధాంతం. పనిచేసేది ఒక పరిశోధన సంస్థలో. అణువు లోపలి రేణువుల సంగతి చెప్పడంలో ఆ సిద్ధాంతాన్ని కొట్టింది లేదు. కొలిస్తే ఏం కనిపిస్తుందో వెంట్రుకవాసి తేడా రాకుండా చెప్తుంది. కొలవకముందు అక్కడ ఏముంది అని అడిగామా, మొహం తిప్పుకుంటుంది. కాపురానికొచ్చిన కొత్తల్లో ఒకరోజు భోజనాల దగ్గర కోడలు ఈ మాటే అంది. "చూసినప్పుడు ఏముందో చెప్తుంది మామయ్యా. చూడనప్పుడు ఏముందంటే, అసలు ఆ ప్రశ్నే అడక్కూడదంటుంది."

మామగారికి ఒళ్లు మండింది. "అడక్కూడదనడానికి అదెవరు? మనం పడుకున్నాక ఈ బల్ల ఉండదా?"

"రేణువుల సంగతి మామయ్యా, బల్ల కాదు."

"బల్ల దేంతో చేశారమ్మా మరి?"

అక్కడ మొదలైంది. మామగారు కాలేజీలో లెక్కలు చెప్పి రిటైరైన మనిషి. ఆయన లెక్కల్లో అంకెలుండవు, బాణాలుంటాయి. ఒక గుంపులోంచి ఇంకో గుంపులోకి ఒక బాణం, ఆ బాణం మీంచి ఇంకో బాణం. చొక్కా గుండీలు లెక్కపెట్టమంటే తప్పు చెప్తారని అత్తగారి ఫిర్యాదు. ఆవిడ ఇంట్లోనే బట్టలు కుట్టేది. ఆ భోజనాల బల్ల మీదే గుడ్డ పరిచి, సుద్దతో గీతలు గీసి, కత్తిరించేది. మామగారు ఆ సుద్దే తీసుకుని ఆ బల్ల మీదే బాణాలు గీయడం మొదలుపెట్టారు.

రేణువుని అడగగల ప్రశ్నలన్నిటికీ ఒకేసారి అవును, కాదు అని జవాబులు అంటించడం ఎవరి తరమూ కాదని ఎప్పుడో తేలిపోయింది. ఎక్కడో ఒకచోట పొసగదు. అందుకే అందరూ చేతులెత్తేశారు. మామగారు ఎత్తలేదు. "జవాబులు పొసగకపోతే ఆ అవును, కాదు అనేవాటినే మార్చేద్దాం" అన్నారు. కలిపి కొలవగలిగిన కొలతలన్నీ ఒక కిటికీ. వాటితో పొసగనివి ఇంకో కిటికీ. ఒక మాట ఏ కిటికీలోంచి ఎంతమేరకు నిజమో అంతమేరకే రాసుకోవాలి. అన్ని కిటికీల రాతనీ కలిపి చూస్తే అదే ఆ మాట తాలూకు నిజం. ఇక మిగిలింది ఒక్కటే. ఆ కిటికీలన్నిట్లోంచీ కనిపించేది ఒకే వస్తువనీ, ఎవరూ తొంగిచూడకపోయినా అది అక్కడ ఉందనీ నిరూపించాలి. సంస్థలో కోడలికి కిటికీలావిడ అని పేరు పడింది. ఆమె పట్టించుకోలేదు.

ఈ పద్ధతిలో ఒక కట్టుబాటు ఉంది. "లేకపోవడం కుదరదు" అని తేల్చినంత మాత్రాన "ఉంది" అని తేల్చినట్టు కాదు. మామూలు లెక్కల్లో ఆ రెండూ ఒకటే. ఇక్కడ కాదు. మామగారు దానికి తాళంచెవి కథ చెప్పేవారు. "మీ అత్తయ్య చూడు, తాళంచెవి ఇంట్లో లేకపోయే ప్రసక్తే లేదంటుంది. నిజమే కావచ్చు. మరి తలుపు తెరుచుకుందా? తెచ్చి నా చేతిలో పెడితేనే ఉన్నట్టు." తాళంచెవి పోయిన ప్రతిసారీ ఈ కథ వచ్చేది. అత్తగారు పళ్లు కొరికేది.

వాళ్లు పనిచేసే తీరు కూడా వాళ్లదే. కాగితం ముట్టుకోరు. సాయంత్రం దాకా బల్ల మీద సుద్దతో రాయడం, భోజనాల వేళకి అత్తగారు తడిగుడ్డతో మొత్తం తుడిచేయడం, తెల్లారాక ఒకరు చూడకుండా అప్పజెప్తే ఇంకొకరు వినడం. తెల్లారేసరికి బుర్రలో నిలవనిది పనికిరానిదని మామగారి నమ్మకం. నిలిచినదాని మీదే ఇంకో మెట్టు. అలా పదిహేను మెట్ల రుజువు తయారైంది. అంతా అయ్యాకే కోడలు కూర్చుని కాగితం మీద పెట్టింది. శాస్త్ర పత్రికకి పంపితే, వాళ్లు పరిశీలకులకి చూపించారు. వాళ్లు చదివి ఔనన్నారు. అచ్చుకి వెళ్లబోతోంది.

సరిగ్గా అప్పుడే మామగారి ఊపిరితిత్తులు మొరాయించాయి. ఆస్పత్రిలో చేర్చారు. ముక్కు మీదా నోటి మీదా మాస్కు పెట్టారు. ఇక రోజుల్లోనే ఉందని డాక్టరు కొడుకుని పక్కకి పిలిచి చెప్పాడు. మామగారికి ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది. మాస్కు పక్కకి లాగి కోడలితో ఒకటే మాట అన్నారు.

"మొత్తం ఒక్కసారి అప్పజెప్పమ్మా. మొదట్నుంచీ. అది వినేసి పోతాను."

వచ్చే ఆదివారం చెప్తాను మామయ్యా, కాస్త సరిచూసుకుని వస్తాను అంది కోడలు. ఎందుకు వాయిదా వేసిందో ఆమెకే తెలియదు. అక్కడికక్కడే గుక్కతిప్పుకోకుండా చెప్పేసి ఉంటే ఎంత బాగుండేదో! ఆ తర్వాత ఆమె అలా అనుకోని రోజంటూ లేదు.

మర్నాడు పొద్దున బస్సులో కిటికీ పక్కన కూర్చుని, పెదాలు కదుపుతూ మెట్టు తర్వాత మెట్టు చెప్పుకుంటోంది. పక్క సీటావిడ కాసేపు చూసి, "ఎవరినమ్మా అంత తిట్టుకుంటున్నారు? అత్తగారినా?" అంది. కోడలు నవ్వి మళ్లీ అందుకుంది. నాలుగు, ఐదు, ఆరు. ఏడో మెట్టు. "ఆ వస్తువు లేదనుకుందాం. అప్పుడు ఫలానా కిటికీ దగ్గర ఆ మాట చెల్లదు. కాబట్టి ఆ వస్తువు ఉంది."

మళ్లీ చెప్పుకుంది. కాబట్టి ఆ వస్తువు ఉంది.

లేదనుకుంటే చెల్లనంత మాత్రాన తేలేది "లేకపోవడం కుదరదు" అని. "ఉంది" ఎక్కణ్నుంచి వచ్చింది? తాళంచెవి చేతిలో ఎవరు పెట్టారు? దిగాల్సిన చోట బస్సు ఆగింది, కదిలింది, వెళ్లిపోయింది. ఆమె దిగలేదు.

ఎలా జరిగిందో అర్థం కావడానికి ఎంతోసేపు పట్టలేదు. రాసిన రోజు సరిగ్గానే రాసి ఉంటారు, లేకపోవడం కుదరదు అనే. సాయంత్రం అత్తగారు తుడిచేసింది. తెల్లారి ఎవరో ఒకరు అప్పజెప్పారు. నోటితో చెప్పేటప్పుడు ఆ చుట్టుతిరుగుడు మాట ఎవరంటారు? ఉంది అని ఉంటారు. విన్నవాళ్లు తల ఊపి ఉంటారు. అది ఆమో, మామగారో, ఇప్పుడెవరికి తెలుసు? ఏ కట్టుబాటు మీద ఇల్లంతా కట్టారో ఆ కట్టుబాటునే ఇంటివాళ్లే మర్చిపోయారు. ఆ ఏడో మెట్టు మీద ఇంకా ఎనిమిది మెట్లు కట్టారు. పరిశీలకుల కళ్లు కూడా దాని మీంచి జారిపోయాయి.

సంస్థలో తర్కశాస్త్రం చెప్పే పెద్దాయన ఒకరున్నారు. అందరూ తర్కం బాబాయ్ అంటారు. పెన్ను మూత నములుతూ ఏడో మెట్టు విన్నారు. మూత నోట్లోంచి తీశారు.

"పప్పులో కాలేశారు కదమ్మా."

"సర్దడానికి ఏమన్నా దారుందా బాబాయ్?"

"వస్తువుని కట్టి చూపించాలి. 'అది లేకపోతే చెల్లదు' అనడంతో సరిపెడితే లాభం లేదు. ఈ దారిన మాత్రం రాదు." ఆయన ఆమె మొహం చూసి గొంతు తగ్గించారు. "అసలు వస్తువే లేదని నేననడం లేదు. మీరు చూపించలేదంటున్నాను, అంతే."

ఆ వారం కోడలు మనిషిలా లేదు. సంస్థలో గది తలుపేసుకుని నల్లబల్ల నింపేది, చెరిపేది, మళ్లీ నింపేది. చేతులు సుద్దతో పగిలాయి. ఇంకో కిటికీ చేర్చి చూసింది. కిటికీలన్నీ తీసేసి మొదట్నుంచి కట్టి చూసింది. ఎటు నుంచి వచ్చినా అదే గోడ. ఒక మధ్యాహ్నం దొరికిందనుకుంది. పావుగంటలో తెలిసింది, అదే తప్పు ఇంకో వేషంలో వచ్చిందని. అప్పుడు నేల మీద కూలబడి, నోట్లో కొంగు కుక్కుకుని ఏడ్చింది. ఆస్పత్రికి ఫోన్ చేస్తే మామగారు ఆదివారం ఎప్పుడని అడిగారంది నర్సు.

పత్రిక సంపాదకుడికి ఫోన్ చేసింది. అచ్చు ఆపాలంటే రచయితలిద్దరూ ఒప్పుకోవాలన్నాడు ఆయన. "రెండో ఆయన్ని అడిగి చెప్పండి. లేదంటే వచ్చే సంచికలో వచ్చేస్తుంది." అంటే మామగారికి చెప్పి తీరాలి. చెప్పకపోతే ఆయన పేరు మీద ఆ ఏడో మెట్టు అలాగే నిలిచిపోతుంది. చెప్తే ఆయన బతుకంతా కళ్ల ముందే కూలిపోతుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

ఆదివారం ఆస్పత్రి వరండాలో అత్తగారు ఆమె చెయ్యి పట్టుకుని బెంచీ మీద కూర్చోబెట్టింది. ఆవిడ కళ్లకి కుట్లలో సన్నని వంకరైనా దొరికిపోతుంది. కోడలి మొహం దాస్తే దాగేదా?

"ఏం పోయిందే?"

కోడలు చెప్పింది. బాణాలూ కిటికీలూ లేకుండా, తప్పు దొర్లిందని మాత్రం చెప్పింది. రోజూ అప్పజెప్పుకోవడంలో మాట మారిపోయిందంది.

"నేను తుడిచేసినందుకా?"

"అయ్యో, కాదత్తయ్యా!"

"నాకు భోజనాలు పెట్టుకోడానికి బల్ల కావాలి కదే. ఏం రాశారో నాకేం తెలుసు. ఒక్కరోజు తుడవకుండా వదిలేస్తే ఉండేది కదా." ఆవిడ రెండు చేతులూ జోడించింది. "చూడు, నీకు దణ్ణం పెడతాను. ఆయనకి చెప్పకు. పచ్చి అబద్ధం ఆడమనను. అడిగితే బాగుందని అను. ఎన్నాళ్లుంటారు గనక? సుఖంగా పోనీ."

కోడలు తల ఊపింది. ఊపేటప్పుడు నిజంగానే అనుకుంది, చెప్పకూడదని. ఇన్నేళ్లూ ఎవరు చూసినా చూడకపోయినా ఉన్నది ఉన్నట్టే ఉంటుందని వాదించిన మనిషి, తన నోరు మూసుకుంటే తప్పు లేకుండా పోతుందని ఆశపడింది. ఆశకేం, ఎవరికైనా పుడుతుంది.

మామగారి మంచం పక్కన స్టూలు లాక్కుని కూర్చుంది. అత్తగారు కాళ్ల దగ్గర నిలబడింది. మామగారు కళ్లు మూసుకుని, వేలితో మొదలుపెట్టమన్నారు. కోడలు చెప్పసాగింది. ఒకటో మెట్టు, రెండో మెట్టు. ఆయన వేలు దుప్పటి మీద బాణాలు గీస్తోంది. ఆరో మెట్టు దగ్గర ఆయన పెదాల మీద చిరునవ్వు కనిపించింది. ఆ మెట్టు పూర్తిగా ఆయనదే. ఏడో మెట్టుని కోడలు గబగబా మింగేసి ఎనిమిదిలోకి దూకింది. పదిహేను దాకా ఆగలేదు.

మామగారు మాస్కు పక్కకి జరిపారు.

"సరిగ్గా ఉందామ్మా?"

అత్తగారు కోడలి కేసే చూస్తోంది. ఒక్క మాట. ఉంది మామయ్యా అంటే అయిపోతుంది. కోడలు నోరు తెరిస్తే బయటికొచ్చింది ఆ మాట కాదు.

"తప్పు కాదు మామయ్యా."

ఆయన కళ్లు తెరిచారు. మెల్లగా తల తిప్పి చూశారు. ఊళ్లో ఇంకెవరికి ఆ జవాబు చెప్పినా సంతోషపడి ఊరుకునేవాళ్లు. ఆ రెండు మాటలకీ తేడా తెలిసిన మనుషులు ఆ ఇంట్లో ఇద్దరే.

"నేనది అడగలేదు" అన్నారు. "సరిగ్గా ఉందా అని అడిగాను."

కోడలు రెండు చేతుల్లో మొహం దాచుకుంది.

"ఎక్కడ?"

"ఏడు."

ఆయన కళ్లు మూసుకున్నారు. పెదాలు కదిలాయి. లోపల అప్పజెప్పుకుంటున్నారు. కోడలు వేళ్ల సందుల్లోంచి చూస్తోంది. ఏడు దాకా వచ్చారని తెలిసిపోయింది, ఆయన మొహం అలా పాలిపోయింది. ఆయన దొడ్డ మనసుతో పోనీలే అనలేదు. తల నిమరలేదు. పిడికిలి బిగించి మంచం పట్టీ మీద కొట్టారు, ఒకసారి, రెండోసారి. అంత బలం ఎక్కణ్నుంచి వచ్చిందో.

"తాళంచెవి" అన్నారు. "నేనే కదా... నేనే కదా చెప్పేవాణ్ని!"

దగ్గు తెర ముంచుకొచ్చింది. అత్తగారు పరుగెత్తుకొచ్చి మాస్కు పెట్టబోతే తోసేశారు. కోడలి కేసి చూసిన చూపులో నీళ్లూ కోపమూ రెండూ ఉన్నాయి.

"ఎందుకు చెప్పావు నాకు? ఆ? ఉంది అంటే నీ సొమ్మేం పోయింది? అబద్ధం చెప్పడం కూడా చేతకాదా నీకు?"

మొహం గోడ వైపు తిప్పుకుని ఏడ్చారు. అంత పెద్దమనిషి వెక్కివెక్కి ఏడుస్తుంటే నర్సు తలుపు దగ్గరే ఆగిపోయింది. అత్తగారు కోడల్ని ఒక్క మాటా అనలేదు. అంటే బాగుండు, రెండు చెంపలూ వాయిస్తే ఇంకా బాగుండు అనుకుంది కోడలు.

ఎండ కిటికీ దాటి పోయింది. మామగారు నిద్రపోయారనుకున్నారంతా. గోడ వైపు తిరిగే పిలిచారు. "అమ్మాయ్."

"ఉన్నాను మామయ్యా."

"వెనక్కి తెప్పించెయ్. నా మాటగా చెప్పు."

ఆమె వరండాలోకి వెళ్లి సంపాదకుడికి ఫోన్ చేసి చెప్పింది. తిరిగొచ్చేసరికి ఆయన ఇటు తిరిగి ఉన్నారు. కళ్లలో ఏదో కొత్తగా ఉంది. చెయ్యెత్తి దగ్గరికి రమ్మన్నారు. వేలితో దుప్పటి మీద ఒక బాణం గీశారు, దానికి ఎదురుగా ఇంకో బాణం. మాస్కు కింద పెదాలు గబగబా కదిలాయి. కోడలు వంగి చెవి ఆనించింది. ఊపిరి చప్పుడే తప్ప మాట వినిపించలేదు. "మళ్లీ చెప్పండి మామయ్యా, మళ్లీ" అంది. ఆయన మళ్లీ చెప్పారు. మళ్లీ ఊపిరే. మాస్కు తీయబోతే రొప్పు ముంచుకొచ్చింది, నర్సు ఆమెని వెనక్కి లాగేసింది.

మర్నాడు పొద్దున్నే పోయారు.

ఏం చెప్పబోయారు? ఏడో మెట్టు దాటే దారి దొరికిందా? లేక మంచినీళ్లు అడిగారా? ఆ బుర్రలో ఏదో ఉంది, ఎవరూ చూడలేదు. ఎవరూ చూడకపోయినా ఉన్నది ఉన్నట్టేనని చెప్పాల్సిన మనిషి కోడలే కదా, చెప్పలేకపోయింది. ఏమీ లేకపోవడం కుదరదు అని మాత్రం అనుకోగలిగింది. అక్కడే ఆగిపోయింది. ఆ రెండు బాణాలనీ దుప్పటి మీద గీసినట్టే కాగితం మీద గీసి రోజంతా చూసింది. రెండు బాణాలు, అంతే.

ఇల్లంతా జనం. మామగారి పాత విద్యార్థులు, కొట్టుకి వచ్చేవాళ్లు, వీధిలోవాళ్లు. అందరిదీ ఒకటే ఓదార్పు. "ఆయన లేరని అనుకోకండమ్మా." "అలాంటివాళ్లు లేకుండా ఎక్కడికి పోతారు." అత్తగారు అందరికీ తల ఊపింది. తర్కం బాబాయ్ మాత్రం ఏమీ అనకుండా కోడలి చెయ్యి నొక్కి వెళ్లిపోయారు.

జనం పల్చబడ్డాక అత్తగారు భోజనాల బల్ల దగ్గర కుర్చీలో కూర్చుంది. బల్ల మీద కప్పులు, ఎంగిలి పళ్లేలు. తీసేవాళ్లు లేరు, ఆవిడా తీయలేదు. తడిగుడ్డ ఒళ్లో పెట్టుకుని అలా కూర్చుంది. కోడలు వచ్చి పక్క కుర్చీలో కూలబడింది.

"పొద్దుట్నుంచీ చూస్తున్నానే" అంది అత్తగారు. "వచ్చిన ప్రతివాళ్లూ లేరనుకోకు, లేరనుకోకు అంటున్నారు. ఉన్నారని ఒక్కరూ అనరేం?"

కోడలు ఒక కప్పు అందుకుని మళ్లీ అక్కడే పెట్టింది.

"ఇన్నేళ్లు ఈ బల్ల దగ్గర ఇద్దరూ ఒకటే మాట్లాడుకున్నారు కదా. కనబడకపోయినా ఉంటుంది, కనబడకపోయినా ఉంటుందని. నవ్వాను, నిజమే, నాకు తెలియక నవ్వాను." ఆవిడ కోడలి మణికట్టు పట్టుకుంది. పట్టు నొప్పెట్టింది. "నువ్వు చదువుకున్నదానివి. నువ్వన్నా అనవే. ఒక్కసారి."

మొన్న ఆస్పత్రిలో అనలేకపోయిన మాట అది. రుజువు లేదు. రుజువు వచ్చే దారీ లేదు. కోడలు కళ్లు తుడుచుకుంది, ఎదురుగా ఖాళీ కుర్చీ కేసి చూసింది, గొంతు సవరించుకుంది.

"ఉన్నారత్తయ్యా."

అత్తగారు ఆమె మొహంలోకి తేరిపార చూసింది. ఆవిడ కళ్లకి సన్నని వంకరైనా దొరుకుతుందని చెప్పాను కదా.

"ఆయనన్నది నిజమేనే తల్లీ, నీకు అబద్ధం చేతకాదు" అని, బల్ల మీద తల ఆనించి బావురుమంది.

కోడలు కప్పుల్ని పక్కకి జరిపి ఆవిడకి చోటు చేసింది. వీపు మీద చెయ్యి వేసి, "ఉన్నారత్తయ్యా" అని మళ్లీ అంది.